ఫ్లూ టీకా, కీళ్ల వాపు, వంశంలో ఉన్న వాతం: సరిహద్దు ఒడిశా తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో నాది మందుల షాపు. వానలు మొదలయ్యే ముందు ఫ్లూ టీకా గురించి అడగడానికి వచ్చేవాళ్లు పెరుగుతారు. ఊళ్లో వాళ్లతో పాటు గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్లు ఫోన్ చేసి కూడా అడుగుతుంటారు. వాళ్లలో చాలామందికి ఉన్న భయం ఒకటే: "మా ఇంట్లో వాతం ఉంది, సూది పడితే నా కీళ్లు పట్టేస్తాయేమో." అలాంటి ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను డాక్టరును కాను. వాచిన కీలును చేత్తో పట్టుకుని చూడాల్సింది డాక్టరే.

ఫ్లూ టీకా వేయించుకున్న రాత్రి ఒళ్లంతా నొప్పులు, కీళ్లు లాగేస్తున్నాయి. ఇది మామూలేనా?

మామూలే. మన దగ్గర ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. చంపేసిన వైరస్ ముక్కలు ఉంటాయి. శరీరం వాటిని పరాయివని గుర్తుపట్టి రోగనిరోధక కణాలను లేపుతుంది. ఆ కణాలు విడుదల చేసే రసాయనాల వల్లే చిన్న జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పి, కీళ్ల లాగుడు వస్తాయి. ఇవి సాధారణంగా టీకా వేసిన రోజే మొదలై ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. పారాసెటమాల్ పడనివాళ్లు కాకపోతే అది చాలు.

అసలు చూడాల్సింది కీలు నొప్పిగా ఉందా, వాచిందా అని. రెండూ ఒకటి కాదు. నొప్పి చాలా కారణాల వల్ల వస్తుంది, పోతుంది. వాపు ఉంటే మాత్రం ఆ కీలు లోపల ఏదో జరుగుతోందని అర్థం. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి పిడికిలి బిగించండి. వేళ్ల మొదట్లో కణుపుల మధ్య ఉండే పల్లాలు ఒక చేతికి పూడిపోయాయా? ఎప్పుడూ వచ్చే ఉంగరం రావడం లేదా? పొద్దున్న లేచాక చేతివేళ్లు వంగడానికి అరగంట, గంట పడుతోందా? వీటిలో ఏదైనా కొన్ని రోజులు దాటి ఉంటే టీకా రియాక్షనే అని ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి.

వేయించుకున్న చెయ్యి భుజం పైకి లేవడం లేదు. ఇది వాతమా?

కాకపోవచ్చు. సూదిని భుజం కండరం మధ్యలో వేయాలి. మరీ పైకి, భుజం ఎముక అంచుకు దగ్గరగా వేస్తే మందు కండరంలోకి పోకుండా కీలు పక్కనున్న మెత్తటి సంచిలోకి పోయి అక్కడ వాపు తెస్తుంది. నొప్పి సాధారణంగా 48 గంటల్లోపే మొదలవుతుంది. కొందరిలో నెలల తరబడి ఉంటుంది. అమెరికా ప్రభుత్వం టీకా నష్టపరిహారానికి వాడే జాబితాలో దీన్ని 2017లో చేర్చింది. కారణం సూది పడిన చోటు. ఇంట్లో వాతం ఉండటం కాదు. అందుకే టీకా వేయించుకునేటప్పుడు చొక్కా చెయ్యి సగం మడవకుండా భుజం మొత్తం కనిపించేలా తీయండి. చీర, జాకెట్టులో ఉన్న ఆడవాళ్లు మొహమాటపడి కాస్తే పైకి లాగుతారు. అప్పుడే సూది తప్పు చోట పడే అవకాశం ఎక్కువ.

టీకా తర్వాత నిజంగానే కీళ్లు వాచినవాళ్లు ఎవరూ లేరా?

ఉన్నారు. ఫ్లూ టీకా వేయించుకున్న కొన్ని రోజులకో వారాలకో మోకాలు, చీలమండ, చేతి కీళ్లు వాచిన రోగుల గురించి వైద్య పత్రికల్లో విడివిడిగా నివేదికలు వచ్చాయి. అలా వచ్చిన వాపుల్లో చాలావరకు తగ్గిపోయాయి, కొందరికి మాత్రం దీర్ఘకాలం మందులు వాడాల్సి వచ్చింది. పెద్ద వయసువాళ్లలో భుజాలు, తుంట్లు బిగుసుకుపోయే జబ్బు టీకా తర్వాత కనిపించిన సందర్భాలూ రాశారు.

అయితే ప్రపంచమంతటా ఏటా కోట్లాది మంది ఈ టీకా వేయించుకుంటారు. కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే రోగనిరోధక కణాలే సొంత కీళ్ల మీద దాడి చేసే వాతం) జనాభాలో నూటికి అర నుంచి ఒకరికి ఉండే జబ్బు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ, నడివయసులో మొదలవడం మామూలు. అంతమంది టీకా వేయించుకుంటే, ఎలాగూ జబ్బు మొదలవ్వాల్సినవాళ్లు కొందరికి టీకా వారంలోనే మొదలవుతుంది. కాబట్టి వేయించుకున్నవాళ్లనూ వేయించుకోనివాళ్లనూ పోల్చి చూడాలి. స్వీడన్‌లో అదే చేశారు. కొత్తగా కీళ్లవాతం వచ్చిన 1,998 మందినీ, అదే వయసు, అదే ప్రాంతానికి చెందిన ఆరోగ్యవంతులు 2,252 మందినీ తీసుకుని, అంతకు ముందు ఐదేళ్లలో వేయించుకున్న టీకాల గురించి అడిగారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపుల మధ్యా తేడా లేదు.

ఇంకో సంగతి. కీళ్లవాతం వాపు కనిపించిన రోజున పుట్టేది కాదు. యాంటీ సీసీపీ అనే యాంటీబాడీ చాలామంది రోగుల రక్తంలో కీలు వాచడానికి కొన్నేళ్ల ముందు నుంచే ఉంటుందని, దాచిపెట్టిన పాత రక్తదానం నమూనాలను పరీక్షించి తేల్చారు. టీకా వేసిన పది రోజులకే ఆ యాంటీబాడీ బాగా ఎక్కువ మోతాదులో కనిపిస్తే, జబ్బు బీజం టీకా కంటే ముందుదే అనుకోవడం సబబు.

మా అమ్మకి కీళ్లవాతం, పెద్దమ్మకీ ఉంది. నాకు కూడా ఆ జీన్ ఉంటుంది కదా? టీకా వేసుకుంటే అది బయటపడుతుందా?

ఉండొచ్చు. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

మన ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. ఇవి తయారుచేసే ప్రోటీన్లు కణం లోపల దొరికిన ముక్కలను పైకి తెచ్చి రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. సంతలో బియ్యం వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు తీసి అరచేతిలో చూపించినట్టు. ఆ అరచేతి ఆకారం మనిషి మనిషికీ వేరు. కొందరి అరచెయ్యి కొన్ని ముక్కలను మరీ గట్టిగా పట్టుకుని చూపిస్తుంది, వాటిలో మన సొంత ముక్కలూ ఉండొచ్చు. కీళ్లవాతం రోగుల్లో హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువులోని ఒక చిన్న భాగం ఒకేలా ఉంటోందని 1987లో అమెరికా పరిశోధకులు చూపించారు. నడుము, వెన్ను బిగుసుకుపోయే వాతానికి హెచ్‌ఎల్‌ఏ-బీ27తో సంబంధం ఉందని 1973లోనే తెలిసింది.

అయితే జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. అచ్చం ఒకేలాంటి కవలల్లో ఒకరికి కీళ్లవాతం వస్తే రెండోవారికీ వచ్చేది నూటికి పదిహేను మందికే. జన్యువులు మొత్తం ఒకటే అయినా ఎనభై ఐదు మంది బయటపడుతున్నారు. అమ్మకుంటే కూతురికి వచ్చే అవకాశం మామూలువాళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువే. కానీ ఆ మూల సంఖ్య నూటికి ఒకటి లోపు అని గుర్తుంచుకోండి.

ఇక టీకా సంగతి. పైన చెప్పిన స్వీడన్ అధ్యయనంలోనే ఆ డీఆర్‌బీ1 రకం ఉన్నవాళ్లను, పొగ తాగేవాళ్లను విడిగా తీసి చూశారు. వాళ్లలోనూ టీకాల వల్ల ముప్పు పెరగలేదు. అమ్మకు వాతం ఉందని ఫ్లూ టీకా మానుకోనక్కర్లేదని నేను కౌంటర్ దగ్గర చెప్పేది ఇందుకే.

అంటే జన్యువులను బట్టి టీకా కొందరికి పడకపోవడం అనేది ఉత్తి మాటేనా?

ఉత్తి మాట కాదు. అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. వాటిని దాచి "టీకాలన్నీ నూటికి నూరు పాళ్లు సేఫ్" అనేవాళ్ల వల్లే జనానికి అనుమానం పెరుగుతుందని నా అభిప్రాయం.

రుబెల్లా టీకాలో ఉండేది బతికున్న, బలహీనపరిచిన వైరస్. రుబెల్లా నిరోధకశక్తి లేని, యుక్తవయసు దాటిన ఆడవాళ్లకు అది వేస్తే సుమారు పావు వంతు మందికి కీళ్ల నొప్పులు, పదో వంతు మందికి వాపు లాంటి లక్షణాలు ఒకటి నుంచి మూడు వారాల్లో వస్తాయి, తర్వాత తగ్గుతాయి. కొన్ని హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ రకాలున్నవాళ్లలో ఇది ఎక్కువని కెనడా పరిశోధకులు 1990ల్లో రాశారు. చిన్నపిల్లల్లో ఇది అరుదు. బడిలో మీ పాపకు వేసిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా గురించి దీన్ని చదివి టెన్షన్ పడకండి.

రెండోది ఫ్లూ టీకాయే, కానీ కీళ్లతో పని లేదు. 2009-10లో స్వైన్‌ఫ్లూ సమయంలో యూరప్‌లో పాండెమ్రిక్స్ అనే టీకా వేశారు. ఆ తర్వాత ఫిన్లాండ్, స్వీడన్‌లలో పిల్లలు, కుర్రకారులో కొందరికి పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ వచ్చింది. బాధితులు దాదాపు అందరిలో హెచ్‌ఎల్‌ఏ-డీక్యూబీ1 జన్యువులో ఒకే రకం కనిపించింది. అదే రకం అక్కడి జనాభాలో చాలామందికి ఉంది, టీకా వేయించుకున్నా వాళ్లలో అత్యధికులకు ఏమీ కాలేదు. ఆ టీకా ఇప్పుడు వాడకంలో లేదు.

మూడోది అమెరికాలో గోమారి పురుగు కుట్టడం వల్ల వచ్చే లైమ్ జబ్బు టీకా. దాన్ని 1998లో అనుమతించారు. టీకాలోని ప్రోటీన్ మన ప్రోటీన్ ఒకదాన్ని పోలి ఉందనీ, డీఆర్4 (పైన చెప్పిన డీఆర్‌బీ1లోనే ఒక రకం) ఉన్నవాళ్లకు కీళ్లు వాచవచ్చనీ ఒక ఊహ బయటికొచ్చింది. కోర్టు కేసులు పడ్డాయి, పత్రికలు రాశాయి. అక్కడి మందుల నియంత్రణ సంస్థ లెక్కలు చూస్తే వేయించుకున్నవాళ్లలో కీళ్ల వాపు ఎక్కువేమీ కనిపించలేదు. అయినా కొనేవాళ్లు లేక 2002లో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. మీరు అడుగుతున్న ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న కథ ఇదే: జన్యువు పేరు, కీళ్ల వాపు, వినడానికి సరిగ్గా అతికే వివరణ అన్నీ ఉన్నాయి, లెక్క మాత్రం దాన్ని సమర్థించలేదు.

అయితే ముందుగా జీన్ టెస్ట్ చేయించుకుని టీకా వేసుకుంటే మంచిదేమో?

డబ్బు దండగ. హెచ్‌ఎల్‌ఏ-బీ27 పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో వెన్నువాతం రాదు. డీఆర్‌బీ1 అయినా అంతే. ఫ్లూ టీకాకు ముందు ఈ పరీక్షలు చేయాలని ఏ మార్గదర్శకాల్లోనూ లేదు. కీళ్లవాతం అనుమానంతో చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష కూడా వయసు మళ్లిన ఆరోగ్యవంతుల్లో, టీబీ, కుష్ఠు లాంటి దీర్ఘకాల జబ్బులున్నవాళ్లలో పాజిటివ్ రావచ్చు. ల్యాబ్ కాగితం మీద ఎర్ర అక్షరాలు చూసి పొలం అమ్మి వైద్యానికి బయల్దేరకండి.

టీకా వేయించుకున్న వారానికి జ్వరం వచ్చి కీళ్లన్నీ వాచాయి. టీకా వల్లే కదా?

మన ప్రాంతంలో ముందు అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్లూ టీకాను వానలకు ముందు వేయించుకుంటాం. ఆ వానలతోనే దోమలు వస్తాయి. చికున్‌గున్యా 2006లో దేశమంతా పాకి, ఆంధ్రతో సహా ఎన్నో రాష్ట్రాల్లో జనాన్ని మంచాన పడేసింది. మణికట్టు, చీలమండ, వేళ్ల కీళ్లు రెండు వైపులా వాచి నెలల తరబడి ఉంటాయి, అచ్చం కీళ్లవాతంలాగే. కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, గజపతి కొండ ప్రాంతాల్లో మలేరియా ఉంది. చలితో జ్వరం వస్తే "టీకా జ్వరం" అని రెండు రోజులు ఆగడం ప్రమాదం. ఆశా కార్యకర్త దగ్గర వేలు మీద రక్తం తీసి చేసే మలేరియా పరీక్ష ఉచితం, ఆ రోజే చేయించండి. చికున్‌గున్యా ఐజీఎం పరీక్షను (రక్తంలో యాంటీబాడీలు చూసేది) జ్వరం మొదలైన వెంటనే చేస్తే తప్పుగా నెగటివ్ రావచ్చు, ఐదారు రోజులు గడిచాక చేస్తే మేలు.

ఒకే ఒక కీలు ఎర్రగా, కాలిపోతూ, కదపలేనంత నొప్పిగా ఉండి జ్వరం కూడా ఉంటే అది కీలు లోపల చీము కావచ్చు. దానికి ఆలస్యం పనికిరాదు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకో, సరిహద్దు దాటి శ్రీకాకుళానికో, ఏది దగ్గరైతే అక్కడికి ఆ పూటే వెళ్లండి.

మా బాబుకి సికిల్ సెల్ ఉంది. కీళ్లు, ఎముకలు తరచూ నొప్పి పెడతాయి. వాడికి ఫ్లూ టీకా వేయించొచ్చా?

వేయించాలి. వంశం నుంచి వచ్చే కీళ్ల నొప్పి అంటే దక్షిణ ఒడిశాలో మొదట గుర్తు రావాల్సింది ఈ జబ్బే. కొండ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఎక్కువ, వాళ్లకే పరిమితం కాదు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే ఎముకలు, కీళ్లు విపరీతంగా నొప్పి పెడతాయి. పసిపిల్లల్లో చేతులు, కాళ్లు బుడిపెల్లా వాస్తాయి. దీన్ని చూసి "వాతం" అని పసర్లు పూసి కాలం గడిపిన ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి.

సికిల్ సెల్ పిల్లలకు ఫ్లూ సోకితే ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. టీకా వల్ల నొప్పి దాడులు పెరుగుతాయా అని అమెరికాలో పిల్లల మీద చూసి, సంబంధం లేదని 2012లో ప్రచురించారు. టీకా వేసిన రెండు రోజులు నీళ్లు ఎక్కువ తాగించండి, ఎండలో ఆడనివ్వకండి, జ్వరం వస్తే డాక్టరుకు చెప్పండి. సికిల్ సెల్ ఉందో లేదో తెలియకపోతే, కేంద్రం 2023 జులైలో మొదలుపెట్టిన నిర్మూలన మిషన్ కింద నలభై ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. పి.హెచ్.సి.లో అడగండి.

నేను కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. టీకా వేసుకుంటే జబ్బు తిరగబెడుతుందా?

తిరగబెట్టే ముప్పు పెరుగుతుందనడానికి పెద్ద అధ్యయనాల్లో ఆధారం దొరకలేదు. ఈ మందులు వాడేవాళ్లకే ఫ్లూ, దాని వెంట వచ్చే న్యుమోనియా ఎక్కువ ప్రమాదం. మందు వల్ల టీకా సరిగ్గా పట్టకపోవడం అసలు చిక్కు. టీకా వేశాక రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపితే యాంటీబాడీలు బాగా వస్తాయని కొరియాలో తేలింది. జబ్బు అదుపులో ఉంటే అలా ఆపమని 2022 అమెరికా రుమటాలజీ (కీళ్లవాతం వైద్యం) మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆపాలా వద్దా అన్నది మీ డాక్టరు నిర్ణయం. ఆయన దొరకడం లేదని టీకాను వాయిదా వేయకండి. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. ముక్కులో స్ప్రేగా కొట్టే బతికున్న వైరస్ టీకా మీకు వద్దు.

సందర్భం వచ్చింది కాబట్టి: మెథోట్రెక్సేట్ సాధారణంగా వారానికి ఒకసారి వేసుకునే మందు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. చీటీ మీద వారం పేరు రాయించుకోండి.

మా ఊరి ఆర్‌ఎంపీ ఒక్క సూది వేశాడు, వాపు రాత్రికి రాత్రే పోయింది. ఇంకా డాక్టరు దేనికి?

అంత తొందరగా వాపు దిగిందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశమే ఎక్కువ. జబ్బు ఏమిటో తెలియకముందే అది వేస్తే వాపు దాక్కుంటుంది, డాక్టరు చూసేసరికి కీలు మామూలుగా కనిపిస్తుంది. లోపల చీము ఉంటే మరీ ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ పైకి పోతుంది.

ఇంట్లో వాతం ఉంది. టీకా కాకపోతే మరి దేని నుంచి జాగ్రత్తపడాలి?

పొగ. బీడీ, సిగరెట్, చుట్ట. పైన చెప్పిన డీఆర్‌బీ1 రకం ఉండి పొగ కూడా తాగితే కీళ్లవాతం ముప్పు చాలా రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులే చూపించారు. టీకాకు భయపడి షాపు మెట్లెక్కని మనిషి బయట నిలబడి బీడీ వెలిగించడం నేను చూస్తూనే ఉంటాను. మన వైపు అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలకు ఇదంతా చెప్పినా వినరు. కనీసం కోడళ్లు, మనవరాళ్లు అలవాటు చేసుకోకుండా చూడండి.

టీకా ఎక్కడ, ఎప్పుడు?

ఫ్లూ టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు, సాధారణంగా కొనుక్కోవాలి. రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వైరస్ రకాలు మారుతుంటాయి కాబట్టి ఏటా కొత్తది వేసుకోవాలి. పెట్టె మీద ఏ సంవత్సరానికి తయారైందో చూడండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. కరెంటు పోయే ఊళ్లకు ప్లాస్టిక్ సంచిలో పట్టుకెళ్లి రేపు వేయించుకుంటానంటే నేను ఇవ్వను.

పోయినేడు టీకా తర్వాత నాకు కీళ్లు వాచాయి. ఈ ఏడు వేసుకోవాలా?

ఎలా వాచాయన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు రోజుల ఒళ్లు నొప్పులైతే వేసుకోవచ్చు. ఫ్లూ టీకా అసలు వద్దనడానికి ముఖ్య కారణం, ఇంతకు ముందు దానికి తీవ్రమైన అలర్జీ రావడం. టీకా వేసిన ఆరు వారాల్లోపు గిలియన్ బారీ అనే నరాల జబ్బు వచ్చినవాళ్లు కూడా డాక్టరుతో మాట్లాడాకే నిర్ణయించుకోవాలి. కీళ్ల నొప్పి ఈ కోవలోకి రాదు. వారాల తరబడి నిజంగా వాపు ఉండి, చికున్‌గున్యా, యూరిక్ యాసిడ్, ఇన్ఫెక్షన్ ఏవీ కావని తేలితే మాత్రం రుమటాలజిస్టును కలవండి. విశాఖ, కటక్, భువనేశ్వర్‌లలో ఉన్నారు. మీ వయసు, ఆస్తమా, షుగర్, గుండె జబ్బు లాంటివి చూసి, ఫ్లూ వల్ల మీకున్న ముప్పును ఆ వాపుతో తూచి ఆయన చెబుతారు. అరవై దాటి ఊపిరితిత్తుల జబ్బున్న మనిషికీ పాతికేళ్ల కుర్రాడికీ జవాబు ఒకటే కానక్కర్లేదు.

రియాక్షన్ అనుమానం ఉంటే రిపోర్టు చేయించే హక్కు మీకుంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, వాపు మొదలైన తేదీ రాసుకోండి. కీలు వాచినప్పుడు పగటి వెలుతురులో, రెండో వైపు కీలు కూడా పడేలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. విశాఖ వెళ్లి డాక్టరు ముందు కూర్చునే నాటికి వాపు దిగిపోవచ్చు, అప్పుడు ఆ ఫొటో పనికొస్తుంది.